కరవు ఏడాది మే నెలకు నీళ్ళ లెక్క: విశాఖ చుట్టుపక్కల తాగునీటి ప్లాను వేసుకునే తీరు

నీటి పథకం రిపోర్టు ఎవరు చేతికిచ్చినా నేను మొదట వెతికేది ఒక్క అంకె కోసమే. వానలు సరిగా పడని ఏడాది, మే నెల మూడో వారంలో, రోజుకు ఎన్ని లక్షల లీటర్లు ఇస్తారు? ఆ అంకె కనపడకపోతే మిగతా పేజీలు తిప్పను. సగటు వర్షపాతం, సగటు ఇన్‌ఫ్లో (రిజర్వాయరులోకి వచ్చి చేరే నీరు), సగటు నీటిమట్టం అన్నీ రంగురంగుల బొమ్మలతో వేసి ఉంటాయి. సగటు నీళ్ళు ఎవరి బిందెలోనూ పడవు.

ఉద్యోగమంతా ఈ చుట్టుపక్కల తాగునీటి పనుల్లోనే గడిచింది. రిటైరై గోపాలపట్నంలో ఉంటున్నాను. మా అక్క కొడుకు ఈమధ్యే అసిస్టెంట్ ఇంజినీరుగా చేరాడు. "పిన్నీ, కొత్తగా పెరుగుతున్న ఏరియాకి నీళ్ళ ప్లాను రాసుకురమ్మన్నారు, ఎక్కడ మొదలెట్టను?" అని ఫోన్ చేశాడు. వాడికి చెప్పినవే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇంజినీర్లే చదవాలని ఏం లేదు. సర్పంచులు, అపార్టుమెంటు సంఘాలవాళ్ళు కూడా ఈ లెక్క వేసుకోవచ్చు. కూడికలు, గుణకారాలు దాటి ఇందులో ఏమీ లేదు.

ఎవరి నీళ్ళు తాగుతున్నాం

ముందు ఒక మ్యాపు తీసుకుని మన కుళాయిలోకి వచ్చే నీటిని వెనక్కి నడిపించండి. ముడసర్లోవ ఊళ్ళోనే ఉంది, బ్రిటిష్ వాళ్ళ కాలం నాటిది, చిన్నది. మేఘాద్రిగెడ్డ పెందుర్తి పక్కనే. గంభీరం కూడా దగ్గరే. ఆ తరవాత మ్యాపులో జిల్లా గీత దాటాలి. గోస్తని మీద కట్టిన తాటిపూడి విజయనగరం జిల్లాలో, గంట్యాడ మండలంలో ఉంది. శారద మీద కట్టిన రైవాడ దేవరాపల్లి దగ్గర, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో. ఏలేరు రిజర్వాయరు ఏలేశ్వరం దగ్గర, కాకినాడ జిల్లాలో. అక్కణ్ణించి 153 కిలోమీటర్ల కాలువలో నీళ్ళు నడిచి వస్తాయి. అవీ చాలక రాజమహేంద్రవరం దగ్గర కాతేరులో గోదావరి నీటిని ఎత్తి, పైపుల్లో తెచ్చి ఆ ఏలేరు కాలువలోనే కలుపుతారు.

అంటే మనం తాగే నీటిలో పెద్ద వాటా పక్క జిల్లాలది. అక్కడ దాని మీద ఆధారపడిన పొలాలున్నాయి. రైవాడ నీళ్ళు మొత్తం సాగుకే ఇవ్వాలని ఆయకట్టు రైతులు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. ప్లాను రాసేవాడు ఈ సంగతిని రిపోర్టు చివర ‘సామాజిక అంశాలు’ అనే పేజీలో పడేస్తే లాభం లేదు. నీటి లెక్కలోనే, ఫలానా నెలలో ఇన్ని నీళ్ళు సాగుకు పోతాయి అని, ఒక గడి గీసి రాయాలి.

అవసరం ఎంత

లెక్క తేలిగ్గా సాగడానికి లక్ష జనాభా ఉన్న ఒక ప్రాంతం అనుకుందాం. పెందుర్తి వైపు అనుకోండి, ఆనందపురం వైపు అనుకోండి, మీ ఇష్టం. భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణాలకు కేంద్రం తాగునీటి మాన్యువల్ చెప్పేది మనిషికి రోజుకు 135 లీటర్లు. పల్లెలకు జలజీవన్ మిషన్ లెక్క 55 లీటర్లు. ఊరు పెరిగేటప్పుడు 55 లీటర్ల పల్లె పదేళ్ళలో 135 లీటర్ల కాలనీ అవుతుంది కాబట్టి పెద్ద అంకే వేసుకోండి. లక్ష మందికి కోటీ ముప్పై అయిదు లక్షల లీటర్లు. రోజుకు పది లక్షల లీటర్లను మా వాళ్ళు ఒక ఎంఎల్‌డీ అంటారు. అంటే 13.5 ఎంఎల్‌డీ.

ఇది కుళాయి దగ్గర పడాల్సిన నీరు. దారిలో కారిపోయేదీ, లెక్కకు రాకుండా పోయేదీ కలపాలి. మాన్యువల్ ప్రకారం నష్టం 15 శాతం దాటకూడదు. అలా అయితే రిజర్వాయరు దగ్గర 15.9 ఎంఎల్‌డీ తియ్యాలి. పాత పైపుల ఊళ్ళలో 30 శాతం పోతుందనుకుంటే 19.3 తియ్యాలి. ఈ రెండు అంకెల మధ్య తేడా 3.4. దాన్ని ఒక మూల రాసి పెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

జనాభా లెక్కలో రానివాళ్ళు ఎప్పుడు వస్తారో కూడా చూడాలి. సింహాచలం అప్పన్న చందనోత్సవం వైశాఖ శుద్ధ తదియనాడు. లక్షల మంది కొండకు వచ్చేది ఏప్రిల్ చివరనో మే మొదట్లోనో, అంటే మన నీళ్ళు అడుగంటే రోజుల్లో. గిరి ప్రదక్షిణ ఆషాఢ పౌర్ణమికి. అప్పటికి రుతుపవనాలు వచ్చినా రిజర్వాయర్లలోకి చెప్పుకోదగ్గ ఇన్‌ఫ్లో వచ్చి ఉండకపోవచ్చు. అరకు చూడటానికి వచ్చేవాళ్ళు మాత్రం చలికాలంలో వస్తారు, వాళ్ళతో చిక్కు లేదు. పండగ క్యాలెండరూ నీటి క్యాలెండరూ పక్కపక్కన పెట్టుకుని చూసిన రిపోర్టు నేను ఎక్కువగా చూడలేదు.

ఎన్నేళ్ళకు వెయ్యాలంటే, ఆనకట్టలకు 50 ఏళ్ళు, పెద్ద పైపుల లాంటివాటికి 30 ఏళ్ళు, పంపుసెట్లకు 15 ఏళ్ళు. మోటారు మార్చొచ్చు. రోడ్డు కింద వేసిన పైపు మార్చడం అంత తేలిక కాదు.

ఒకే కొలతలోకి తెచ్చుకోవడం

తాటిపూడి మట్టం అడుగుల్లో చెబుతారు, నిండితే 297. మేఘాద్రిగెడ్డ కూడా అడుగులే, 61. రైవాడ దగ్గరకొచ్చేసరికి మీటర్లు, 114. ఇరిగేషన్ వాళ్ళు టీఎంసీలూ (వంద కోట్ల ఘనపుటడుగులు) క్యూసెక్కులూ (సెకనుకు ఒక ఘనపుటడుగు) అంటారు, కార్పొరేషన్‌లో పాతవాళ్ళు ఎంజీడీ (రోజుకు పది లక్షల గాలన్లు) అంటారు, భూగర్భజల శాఖ హెక్టారు మీటర్లు అంటుంది. మీటింగులో నలుగురూ నాలుగు భాషలు మాట్లాడుకుని టీ తాగి లేచిపోతారు. అన్నిటినీ ఎంఎల్‌డీలోకి మార్చుకోండి. ఒక క్యూసెక్కు 2.45 ఎంఎల్‌డీ. ఒక ఎంజీడీ 4.55. ఒక టీఎంసీని ఏడాది పొడవునా సమంగా వాడితే రోజుకు 77.6 ఎంఎల్‌డీ. ఈ మూడూ కంఠతా వస్తే చాలు.

రిజర్వాయరు: నవంబరు ఆఖరి గేజి

విశాఖలో ఏడాదికి సుమారు వెయ్యి నుంచి పన్నెండు వందల మిల్లీమీటర్ల వాన. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, ఆపైన అక్టోబరులో తుపాన్లతో, వాయుగుండాలతో మంచి వానలు. నవంబరు దాటితే చెప్పుకోదగ్గ ఇన్‌ఫ్లో ఉండదు. కాబట్టి నవంబరు 30 సాయంత్రం గేజి, అంటే మట్టం కొలిచే బద్ద, ఎంత చూపిస్తుందో అదే మీ ఆస్తి. దానితో వచ్చే జులై ఆఖరుదాకా నెట్టుకురావాలి. జూన్‌లో రుతుపవనాలు వచ్చేస్తాయని లెక్క వెయ్యకండి. రుతుపవనాలు రావడం వేరు, ఎండిన నేల తాగగా మిగిలి గెడ్డలు (వాగులు) పారడం వేరు.

డిసెంబరు 1 నుంచి జులై 31 వరకు 243 రోజులు. రోజుకు 15.9 ఎంఎల్‌డీ చొప్పున 386 కోట్ల లీటర్లు, టీఎంసీల్లో 0.136. ‘ఓస్, ఇంతేనా’ అనిపిస్తుంది. మా వాడు కూడా అలాగే అన్నాడు. ఇప్పుడు ఎండ తాగేది చూడండి. ఆ ఎనిమిది నెలల్లో రోజుకు సగటున నాలుగున్నర మిల్లీమీటర్లు ఆవిరైపోతుందనుకుంటే మొత్తం 1.1 మీటరు. నీటి విస్తీర్ణం సగటున మూడు చదరపు కిలోమీటర్లయితే 330 కోట్ల లీటర్లు. లక్షమంది తాగేదానికి కాస్త తక్కువగా సూర్యుడు తాగేస్తాడన్న మాట. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డల మీద తేలే సోలార్ పలకలు పెట్టినప్పుడు కరెంటు గురించే అందరూ మాట్లాడారు. పలకల కింద నీడపడి ఆవిరి కొంత తగ్గుతుంది, కానీ అవి కప్పేది చాలా కొద్ది మేర. దాన్ని లెక్కలో వేసుకోవద్దు.

ఇక నెలవారీ పట్టిక. ఒక నోటుపుస్తకంలో డిసెంబరు నుంచి జులై దాకా ఎనిమిది వరసలు గియ్యండి. ప్రతి వరసలో నెల మొదట్లో నిల్వ, వచ్చిన నీరు, ఆవిరి, సాగుకు వదిలింది, తాగటానికి తీసింది, నెలాఖరు నిల్వ. వచ్చిన నీరు గడిలో సున్నా రాయడానికి చెయ్యి రాదు చాలామందికి. రాయండి. నిల్వ ఎప్పుడూ డెడ్ స్టోరేజీ (తూముకు అందకుండా అడుగున ఉండిపోయే నీరు) పైన ఉన్నదే లెక్క. ఇన్‌టేక్ తూము ఏ ఎత్తులో ఉందో గట్టు దిగి కళ్ళతో చూసి రావాలి. తూము కిందికి మట్టం దిగితే ఎన్ని నీళ్ళు కనపడుతున్నా తేలే పంపులు తెప్పించుకోవాల్సిందే.

మట్టానికీ నిల్వకూ మధ్య ఒక టేబుల్ ఉంటుంది, ఇన్ని అడుగులుంటే ఇన్ని నీళ్ళు అని. ఆ టేబుల్ ఏ ఏడాది తయారైందో అడగండి. ఆనకట్ట కట్టిన నాటిదైతే అప్పటినుంచీ చేరిన పూడిక అందులో ఉండదు. కొత్త సర్వే చేయించేదాకా, ముఖ్యంగా అడుగు మట్టాల దగ్గర, టేబుల్ చూపించేదానికన్నా తక్కువే ఉందనుకోవాలి. మేఘాద్రిగెడ్డలాంటి చోట ఇంకో చిక్కుంది. నీళ్ళు పోగయ్యే నేలలోకే ఊరు పెరిగి వచ్చేసింది. వాన నీటితోపాటు కాలనీల మురుగు కూడా దిగుతుంది. మట్టం తగ్గేకొద్దీ అది చిక్కబడుతుంది, ఫిల్టర్ హౌసులో పటిక, క్లోరిన్ ఖర్చు పెరుగుతుంది. మే నెల నీటిని లీటర్లలోనే కాకుండా శుద్ధి ఖర్చులో కూడా చూడండి.

నమ్మకం ఎంత అన్నది మరో ప్రశ్న. సాగు ప్రాజెక్టులకు 75 శాతం నమ్మకం చాలంటారు, నాలుగేళ్ళలో మూడేళ్ళు నీళ్ళొస్తే రైతు ఎలాగో సర్దుకుంటాడని. తాగునీటికి 95 శాతం చూడాలి. ముప్పై ఏళ్ళ ఇన్‌ఫ్లో అంకెలు పెద్దదాని నుంచి చిన్నదాకా వరసగా పేర్చండి. 75 శాతం నమ్మకమున్న అంకె 23వ స్థానం దాటాక దొరుకుతుంది. 95 శాతం అంటే 29, 30 స్థానాల మధ్య, అంటే దాదాపు అన్నిటికన్నా అడుగున ఉన్న ఏడాదే. ఆ చెడ్డ ఏడాది అంకెలు చేతితో రాస్తేగానీ భయం పట్టుకోదు, అందుకే మొదటిసారి కంప్యూటర్‌లో వద్దు అంటాను.

గెడ్డలు, ఏర్లు

ఉత్తరాంధ్ర గెడ్డ వాన పడితే మనిషిని ఈడ్చుకుపోతుంది, నెల తిరక్కముందే మోకాలి లోతుకు వస్తుంది. దాని మీద ప్లాను వెయ్యాలంటే ఎండాకాలంలో స్వయంగా కొలవాలి. పెద్ద సామాన్లేమీ అక్కర్లేదు. తిన్నగా పారే ఇరవై మీటర్ల మేర చూసుకుని, సగం నీళ్ళు నింపి మూత బిగించిన ప్లాస్టిక్ సీసా వదిలి, ఎన్ని సెకన్లలో దాటిందో చూడండి. 80 సెకన్లు పడితే సెకనుకు పావు మీటరు. పైన పారే నీరు అడుగు నీటికన్నా జోరుగా ఉంటుంది కాబట్టి 0.85తో గుణించండి. వెడల్పు 3 మీటర్లు, సగటు లోతు 10 సెంటీమీటర్లయితే సెకనుకు 64 లీటర్లు, రోజుకు 5.5 ఎంఎల్‌డీ.

అందులో ఎంత మీది? దిగువన బావులు ఆ పారకం మీదే ఊరుతుంటాయి, పశువులు తాగుతుంటాయి. నేనైతే రెండు ఎంఎల్‌డీకి మించి రాయను. అది కూడా మామూలు ఏడాదికే.

గోస్తనిలాంటి ఇసుక ఏర్లలో పైన పారకం లేకపోయినా ఇసుకలో నీళ్ళుంటాయి. భీమిలి వైపు ఏటి ఇసుకలో దింపిన ఊటబావులు ఈ పద్ధతివే. ఇసుకే ఫిల్టరు, ఇసుకే నిల్వ. కాబట్టి ఊటబావుల ఎగువనా దిగువనా ఇసుక తవ్వకాన్ని ఆపే ఏర్పాటు లేకుండా ఇలాంటి పథకం మంజూరు చెయ్యకూడదు. లారీలు ఇసుక ఎత్తుకుపోతే నీళ్ళు కూడా పోయినట్టే. సముద్రానికి దగ్గరైతే మరీ జాగ్రత్త. ఏటి అడుగు దిగిపోయినకొద్దీ పోటు నీరు లోపలికి ఎక్కుతుంది.

భూగర్భజలం: డ్రిల్లింగ్ రోజు మాటలు నమ్మకండి

బోరు వేసేవాళ్ళు కంప్రెసర్ గాలికి నీళ్ళు ఎగజిమ్ముతుంటే "రెండంగుళాల నీళ్ళు పడ్డాయండి" అంటారు. ఇంటివాళ్ళు కొబ్బరికాయ కొడతారు. అది నవంబరయితే, పక్కింటి బోరు అప్పటికి ఆడకపోతే, ఆ రెండంగుళాలూ నిజమే కావచ్చు. మే నెలలో ఎంతో తెలియాలంటే మే నెలలోనే పంపింగ్ టెస్టు చెయ్యాలి. మోటారు వేసి గంట గంటకూ మట్టం ఎంత దిగుతోందో కొలిచి, ఆపాక తిరిగి ఎంతసేపటికి లేచిందో కొలవాలి. దిగటం కన్నా లేవడం ఎక్కువ చెబుతుంది. రాత్రంతా ఆపినా పాత మట్టానికి రాలేదంటే ఆ బోరు పొదుపు సొమ్ము ఖర్చుపెడుతున్నట్టు.

మన కింద రాయి ఎక్కువగా ఖొండలైటు, చార్నొకైటు. ఇసుక నేలల్లోలాగా అంతటా నీళ్ళు పరుచుకుని ఉండవు. పైన కుళ్ళిన రాతి పొరలోనూ, కింద పగుళ్ళలోనూ మాత్రమే ఉంటాయి. ఖొండలైటు కుళ్ళితే బంకమట్టి ఎక్కువ, తడి ఉన్నా నీరు వదలడానికి బద్ధకిస్తుంది. అందుకే ఒక బోరుకు నీళ్ళు పడి, నలభై అడుగుల అవతల దుమ్ము లేస్తుంది.

ఒక ప్రాంతం మొత్తానికి లెక్క ఎలా వెయ్యాలంటే, వానలకు ముందు మే నెలలోనూ, వానలయ్యాక నవంబరులోనూ అవే బావుల్లో మట్టం కొలవండి. పది చదరపు కిలోమీటర్ల మేర మట్టం మూడు మీటర్లు లేచిందనుకుందాం. ఇలాంటి రాతినేల తన ఘనపరిమాణంలో సుమారు రెండు శాతం నీళ్ళే ఇస్తుంది. పది చదరపు కిలోమీటర్లు, మూడు మీటర్లు, రెండు శాతం గుణిస్తే 60 కోట్ల లీటర్లు. కేంద్ర భూగర్భజల లెక్కల పద్ధతిలో 70 శాతం లోపు వాడితేనే సురక్షితం. 90 దాటితే క్లిష్టం, 100 దాటితే అతి వాడకం. 70 శాతం అంటే 42 కోట్లు. అందులో సగం రైతుల బావులూ, అపార్టుమెంటు బోర్లూ ఇప్పటికే తోడుతున్నాయనుకోండి. మీకు మిగిలేది 21 కోట్ల లీటర్లు. ఏడాది పొడవునా తోడితే రోజుకు 0.6 ఎంఎల్‌డీ కూడా రాదు. అదే ఏప్రిల్ నుంచి జులై దాకా 122 రోజులే తోడితే 1.7 వస్తుంది. వానాకాలంలో బోర్లకు సెలవివ్వండి అని నేను అనేది ఇందుకే. అలుగు పొర్లుతుంటే రిజర్వాయరు నీళ్ళు వాడుకుని, బోర్లను వేసవికి దాచుకోవాలి. చాలాచోట్ల దీనికి తిరగేసి జరుగుతుంది. పంపు ఆపరేటరుకు బోరు మీట నొక్కడం తేలిక, వాల్వు తిప్పడానికి నాలుగు వీధులు నడవాలి.

ఇప్పుడు కరవు ఏడాది చూడండి. మట్టం ఒకటిన్నర మీటరే లేచింది. 30 కోట్లు, 70 శాతం 21 కోట్లు. పాత వాడకందార్లు తోడేది కూడా 21 కోట్లే. మీకు మిగిలింది సున్నా. ఈ రెండు లైన్లు పక్కపక్కన రాసి చూపించినప్పుడు మా వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మరి కరవులో బోర్లు వేయిస్తాం అంటారేంటి పిన్నీ అందరూ?" అన్నాడు. వేయిస్తారు నాయనా, అవి రైతు నీళ్ళే.

తీరం వెంబడి ఇంకో గండం. ఇసుక తీరాల్లో మంచినీళ్ళు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరుంటే కింద నలభై మీటర్ల దాకా ఉంటుందని లెక్క. అంటే తోడి తోడి మట్టాన్ని అర మీటరు దించితే అడుగున ఉప్పునీరు ఇరవై మీటర్లు పైకి వస్తుంది. రాతి పగుళ్ళలో ఇంత లెక్కగా జరగదు గానీ, జరిగేది అదే. బీచ్ వైపు బోర్లున్నవాళ్ళు నెలకోసారి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) మీటరు పెట్టి అంకె గోడమీద రాసుకోవాలి. తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా. అంకె ఎంత అన్నదానికన్నా ఏటేటా ఎటు పోతోందన్నది చూడండి. సెప్టిక్ ట్యాంకుల కాలనీల్లో నైట్రేటు కూడా పరీక్ష చేయించాలి, లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచినా నైట్రేటు పోదు.

కొత్త బోరుకు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. 2002 నుంచీ ఉన్న చట్టం.

దూరపు కాలువ

ఏలేరు నిండితే 24.11 టీఎంసీలు. వినడానికి సముద్రంలా ఉంటుంది. కానీ దానికి కింద ఆయకట్టుంది, మన వైపు స్టీలు ప్లాంటుంది, ఇతర పరిశ్రమలున్నాయి. కాలువ తెరిచి ఉంటుంది కాబట్టి ఇంకడం, ఆవిరి, దారిలో ఆయిల్ ఇంజిన్లు పెట్టి తోడుకోవడం అన్నీ ఉంటాయి. నష్టం తెలుసుకోవాలంటే తల దగ్గరా చివరా గేజి చూసి తీసివేత చెయ్యాలి, ఒకే రోజు అంకెలతో మాత్రం కాదు. సెకనుకు ముప్పావు మీటరు జోరు అనుకున్నా 153 కిలోమీటర్లు రావడానికి 57 గంటలు. ఉద్యోగంలో కొత్తలో కాలువ కాపలా చూసే లష్కరు ఒకడు నాకు ఈ మాట చెప్పాడు: "అమ్మగారూ, ఇక్కడ మీరు చూస్తున్నవి మొన్నటి నీళ్ళండీ. ఈరోజు వదిలినవి ఎల్లుండి గేజిలో చూడండి." ఆ తరవాత ఎంతమంది ఇంజినీర్లు ఒకే రోజు అంకెలు పోల్చి, లేని దొంగతనాన్ని కనిపెట్టారో!

దూరపు నీటికి చివర్లో సొంత నిల్వ ఉండాలి. స్టీలు ప్లాంటుకు కణితి దగ్గర బ్యాలెన్సింగ్ రిజర్వాయరు ఉన్నది అందుకే. కాలువకు గండి పడితే, పూడ్చేదాకా ఎన్ని రోజులు మీ దగ్గర నీళ్ళుంటాయి? రెండు వారాలకు తక్కువైతే నాకు నిద్ర పట్టదు.

పోలవరం ఎడమ కాలువ నుంచి విశాఖ తాగునీటికీ పరిశ్రమలకూ 23.44 టీఎంసీలు అనుకున్నారు. ఏడాదంతా సమంగా తీస్తే 1,800 ఎంఎల్‌డీ పైమాటే. చాలా పెద్ద అంకె. కానీ కేటాయింపును నీళ్ళుగా రాయకండి. ఆ నీళ్ళు వచ్చినరోజు పట్టికలో కొత్త వరస కలుపుకోవచ్చు, ఈలోగా వాటిని నమ్ముకుని చెరువులు పూడ్చి లేఅవుట్లు వెయ్యనిస్తే ఎటూ కాకుండా పోతాం.

అన్నీ కలిపినప్పుడు ఏమవుతుంది

నేను అసలు చెప్పదలచుకున్నది ఈ భాగంలోనే ఉంది. తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ, గంభీరం, మీ ఊరి గెడ్డ, మీ బోర్లు: ఆరు ఆధారాలు అని రిపోర్టులో గొప్పగా రాస్తారు. ఇవన్నీ ఒకే తూర్పు కనుమల అంచున, ఒకే వానను నమ్ముకుని ఉన్నాయి. ఆ వాన తప్పితే ఆరూ ఒకేసారి తప్పుతాయి. కరవు లెక్కలో అవి ఒక్క ఆధారమే.

వేరే వాన ఎవరిదో వెతకాలి. గోదావరి నాసిక్ దగ్గర పుట్టి మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా నేల నీటిని పోగుచేసుకుని వస్తుంది. విశాఖలో వాన తప్పిన ఏడాది విదర్భలోనో బస్తర్‌లోనో పడి ఉండొచ్చు. అందుకే కాతేరు నీళ్ళకు విలువ. కానీ వేసవిలో గోదావరి కూడా సన్నబడుతుంది, డెల్టా దాళ్వాకు (రబీ వరికి) సీలేరు నుంచి వదిలే నీళ్ళ మీద ఆధారపడుతుంది. పైగా అది పంపులతో ఎత్తే నీరు, కరెంటు ఉంటేనే నీళ్ళు.

కరెంటు అంటే 2014 అక్టోబరు 12 గుర్తు రావాలి. హుద్‌హుద్ రోజున రిజర్వాయర్లు ఎండిపోలేదు, వాన దంచి కొట్టింది. అయినా రోజుల తరబడి కుళాయిలు రాలేదు, స్తంభాలు పడిపోయి పంపులు ఆడక. కాబట్టి పట్టికలో ప్రతి ఆధారానికీ రెండు ప్రశ్నలు రాయండి: ఏ వాన మీద బతుకుతుంది, ఏ కరెంటు లైను మీద బతుకుతుంది. ఒకే సబ్‌స్టేషను మీద ఉన్న రెండు పంపుహౌసులు కూడా తుపాను రోజున ఒక్కటే. ఎత్తు మీద నుంచి వాలుకు వచ్చే నీటి వాటా ఎంత, జనరేటరు ఎన్ని గంటలు నడుస్తుంది, డీజిలు ఎక్కడ దాస్తారు అన్నవీ అక్కడే రాయాలి.

మన లక్షమంది ఊరికి తిరిగొద్దాం. కరవు ఏడాదిలో గెడ్డ సున్నా, బోర్లు సున్నా, రిజర్వాయరు అడుగంటు. మొదట్లో మూల రాసి పెట్టుకున్న 3.4 ఎంఎల్‌డీ ఇప్పుడు తియ్యండి. లీకులు 30 శాతం నుంచి 15కు తగ్గిస్తే మిగిలే నీరు అది. మామూలు ఏడాదిలో గెడ్డా బోర్లూ కలిసి ఇచ్చే 3.7కు దాదాపు సమానం. తేడా ఏంటంటే ఇది కరవులో ఎండిపోదు, దీనికి రైతుతో తగువు లేదు. పెద్ద పైపుల మీద బల్క్ మీటర్లు పెట్టి, రాత్రి రెండింటికి కుళాయిలన్నీ కట్టేసి ఉన్నప్పుడు ఏ వీధి పైపులో ఇంకా నీరు పారుతోందో చూస్తూ పోవడమే పని. రిబ్బను కత్తిరించే పని కాదు కాబట్టి దీనికి డబ్బు అడగడం కష్టం. అడగండి.

రెండోది, కోత ఎప్పుడు పెట్టాలి. మనిషికి 135 నుంచి 100 లీటర్లకు తగ్గిస్తే రోజుకు 4.1 ఎంఎల్‌డీ ఆదా. జనవరి 1న మొదలుపెడితే జులై ఆఖరుకు 87 కోట్ల లీటర్లు మిగులుతుంది, ఏప్రిల్ 1న మొదలెడితే 50 కోట్లే. మే నెలలో ఆలోచిస్తే ట్యాంకర్ల టెండర్లు తప్ప చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి ప్లానులోనే గేజి అంకెలు రాసి సంతకం పెట్టించండి. నవంబరు 30న ఇంతకు తక్కువుంటే జనవరి నుంచి కోత, ఫిబ్రవరి ఆఖరుకు ఇంతకు తక్కువుంటే బళ్ళు కడిగే నీళ్ళూ పార్కుల నీళ్ళూ శుద్ధిచేసిన మురుగునీటికి మార్చడం, ఏప్రిల్ ఆఖరుకు ఇంతకు తక్కువుంటే పరిశ్రమల వాటాలో కోత. ముందే రాసి లేకపోతే ఆ రోజున ఏ అధికారీ మీట మీద చెయ్యి వెయ్యడు.

రైతులతో మాటలు కూడా డిసెంబరులోనే. అప్పుడు దాళ్వా వెయ్యాలా, మినుములు పెసలతో సరిపెట్టాలా అన్న నిర్ణయం వాళ్ళ చేతిలో ఇంకా ఉంటుంది. నారు పోశాక వెళ్ళి నీళ్ళు ఆపుతామంటే గట్టు మీద కూర్చుంటారు, కూర్చోవడం న్యాయం. గేజి పుస్తకం పట్టుకెళ్ళి వాళ్ళ ముందు తెరవండి. నీళ్ళ లెక్క రైతుకు మనకన్నా బాగా తెలుసు, అంకెలు దాచారనే అనుమానమే చెడగొడుతుంది.

ఇంటి కప్పు నీళ్ళ గురించి కూడా అడుగుతుంటారు. వంద చదరపు మీటర్ల డాబా మీద మీటరు వాన పడితే, పోయింది పోగా 80,000 లీటర్లు. ఇంకుడు గుంతలోకి పంపితే మీ బోరుకు మంచిది, ఊరి పట్టికలో మాత్రం దాన్ని ఆధారంగా చూపొద్దు. చెరువుల సంగతి వేరు. కళింగ (అలుగు), మదుము (తూము) సరిగా ఉన్న ఒక్క చెరువు చుట్టూ బావులన్నీ వేసవిదాకా ఊరుతాయి. మీ ప్రాంతంలో చెరువుల జాబితా రెవెన్యూ రికార్డు నుంచి తీసి, ఒక్కోదాని దగ్గరికీ నడిచి వెళ్ళి ఉందో లేదో చూసి రండి.

మా వాడి ప్లానులో ఆఖరి పేజీ ఇలా వేయించాను. డిసెంబరు మొదటి వారం: రిజర్వాయరు గేజి, పట్టిక తిరగరాయడం, రైతు సంఘాలతో సమావేశం. ఫిబ్రవరి: జనరేటర్లు, వాల్వులు నడిపి చూడటం, రాత్రి లీకుల కొలత. ఏప్రిల్ మొదటి వారం: చందనోత్సవానికి విడిగా నీళ్ళు పక్కన పెట్టడం, బోర్లు తెరవడం. మే: బావుల మట్టాలు, గెడ్డ కొలత, టీడీఎస్, నైట్రేటు. జూన్: మే అంకెలను వచ్చే ఏడాది పట్టిక కోసం రాసి పెట్టుకోవడం. ఒక్కో పనికి ఎదురుగా మనిషి పేరు కాకుండా హోదా రాయమన్నాను, బదిలీలు వేసవిలోనే వస్తాయి కదా.